ఎనర్జీ తక్కువున్న క్యూలో సమాచారం తాజాదనం కొలిచేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

నోడు (సెన్సర్, రేడియో ఉన్న చిన్న పరికరం) లాగ్‌లు ముందేసుకుని కూర్చున్నావు కాబట్టి అసలు సంగతి మొదటే చెప్తాను. ప్యాకెట్ ఆలస్యం కొలిచి అదే తాజాదనం అనుకోకు. ఏజ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అంటే, రిసీవర్ దగ్గరున్న అన్నిటికన్నా కొత్త రీడింగ్ తీసి ఇప్పటికి ఎంతసేపైందన్నది. ఏ ప్యాకెట్టూ రాకపోయినా ఆ వయసు పెరుగుతూనే ఉంటుంది.

ఒక లెక్క చేసి చూడు. 0, 4, 6, 15 సెకన్ల దగ్గర తీసిన రీడింగ్‌లు 1, 6, 7, 16 దగ్గర చేరాయనుకో. సగటు ఆలస్యం 1.25 సెకన్లే. వయసు మాత్రం 1 నుంచి 6కి పెరిగి, 2కి పడి, 3కి పెరిగి, 1కి పడి, 10 దాకా పోయింది. వయసు గీత కింది వైశాల్యం కోసం ఒక్కో ముక్కకి చివరి వయసు వర్గంలోంచి మొదటి వయసు వర్గం తీసేసి సగం చెయ్యి: 17.5, 2.5, 49.5. మొత్తం 69.5ని 15తో భాగిస్తే సగటు వయసు 4.63 సెకన్లు. ప్యాకెట్ చేరిన క్షణాల్లోని వయసులే సగటు చేస్తే మళ్ళీ ఆలస్యమే చేతికొస్తుంది. పడిపోయే ముందున్న గరిష్ఠాల (6, 3, 10) సగటు 6.33 కూడా పక్కన రాసుకో.

టైమ్‌స్టాంప్ సెన్సర్ చదివిన క్షణానిది కావాలి, రేడియో పంపిన క్షణానిది కాదు. రెండో దాంతో, ఛార్జి కోసం క్యూలో ఆగిన సమయమంతా లెక్కలోంచి మాయమైపోతుంది. గడియారాల తేడా ఎంతుంటే సగటు వయసులో తప్పూ అంతే ఉంటుంది. వెనకబడి వచ్చిన పాత ప్యాకెట్‌తో వయసు తగ్గించకు.

ఇక ఎనర్జీ. 0.1 ఫారడ్ సూపర్ కెపాసిటర్ 3.3 వోల్టుల నుంచి 2.2కి దిగితే సుమారు 0.3 జౌళ్ళు ఇస్తుంది. అప్‌డేట్‌కి 15 మిల్లీజౌళ్ళు అయితే ఇరవై అప్‌డేట్‌లు. ఆ తర్వాత బయటినుంచి వచ్చే ఎనర్జీ రాబడే దిక్కు. నిమిషానికి 5 మిల్లీజౌళ్ళు వచ్చి, నిద్రలో 10 మైక్రోవాట్ల చొప్పున 0.6 పోతే, మిగిలిన 4.4తో దాదాపు 3.4 నిమిషాలకొక అప్‌డేట్. ఎంత తెలివిగా పంపినా దీర్ఘకాలపు సగటు వయసు అందులో సగానికి, అంటే 1.7 నిమిషాలకి, తగ్గదు. నీ కొలత అంతకన్నా తక్కువొస్తే లాగ్‌లోనో గడియారంలోనో తప్పుంది, లేదా నిండు కెపాసిటర్‌తో మొదలుపెట్టి తొందరగా ఆపేశావు. మొదటి నిల్వ ఖర్చయ్యేదాకా ఉన్న భాగం సగటులో కలపకు.

ఛార్జి ఉంది కదా అని వెంటనే పంపడం కూడా మంచిది కాదు. ఒక్క అప్‌డేట్‌కి సరిపడా నిల్వే ఉండి, ఎనర్జీ పాయిసాన్ రాకలుగా (ఎప్పుడొస్తాయో ముందే చెప్పలేని యాదృచ్ఛిక రాకలుగా) వస్తూ, పంపడానికి సమయం పట్టదనుకుంటే, రాకల మధ్య సగటు విరామాన్ని 1గా తీసుకో. రాగానే పంపితే సగటు వయసు 1. వయసు 0.9 దాటేదాకా ఆగి పంపితే 0.90. నిల్వకి హద్దు లేకపోతే 0.5 దాకా దించొచ్చు. కాబట్టి ప్రతి ఫలితం పక్కన నిల్వ సైజు రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదు.

క్యూ పొడుగు కూడా అంతే ముఖ్యం. వచ్చిన వరసలోనే పంపే ఎం/ఎం/1 క్యూలో (రాకలూ సర్వీసు సమయాలూ యాదృచ్ఛికం, పంపేది ఒక్కటే) లోడు, అంటే రాకల వేగాన్ని సర్వీసు వేగంతో భాగిస్తే వచ్చేది, 0.53 దగ్గర సగటు వయసు అతి తక్కువ, సుమారు 3.5 సర్వీసు సమయాలు. లోడు 0.9కి చేరితే అది పదికి పైనే. ఛార్జి కోసం ఆగేచోట ఒక్క ప్యాకెట్‌కే చోటుంచి, కొత్తది రాగానే పాతది పారెయ్యి. ఇంకా మేలు, ఛార్జి చేరాకే రీడింగ్ తియ్యి. ట్రాన్స్‌మిషన్ విఫలమైతే, సెన్సింగ్ ఖర్చు తక్కువైనప్పుడు పాతదాన్ని మళ్ళీ పంపకుండా కొత్త రీడింగ్ పంపు.

వోల్టేజి పడిపోయి నోడు రీసెట్ అయినప్పుడు గడియారం సున్నాకొస్తుంది. బూట్ కౌంటర్‌ని (నోడు ఎన్నిసార్లు మళ్ళీ మొదలైందో చెప్పే అంకెని) ప్యాకెట్‌లో పెట్టకపోతే ఆ అప్‌డేట్‌లని ఏ కాలానికి చేర్చాలో రిసీవర్‌కి తెలియదు. నోడు పూర్తిగా చచ్చిపోతే మాత్రం చివరి ప్యాకెట్ దగ్గర లెక్క ఆపకు. ప్రయోగం ముగిసే క్షణం దాకా పెరిగిన వయసుని వైశాల్యంలో కలుపు.