పాఠకుల ప్రశ్నలు: చర్చి యువజనులు ఇల్లు కట్టించాలంటే

ప్రశ్న: మా చర్చి యువజనులు ఏటా క్రిస్మస్‌కు దుప్పట్లు పంచుతారు. ఈసారి ఆ డబ్బుతో ఒక పేద కుటుంబానికి ఇల్లు కట్టించాలనుకుంటున్నారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్వయంగా సుత్తి పట్టి పేదలకు ఇళ్ళు కట్టారని మా పాస్టరుగారు చెప్పారు. ఆ ఇళ్ళు ఉచితమా? మేమూ ఆ పద్ధతిలో వెళ్ళవచ్చా?
– ఒక పాఠకురాలు, సింగరాయకొండ, ప్రకాశం జిల్లా

జవాబు: ఉచితం కాదు. ఆ పద్ధతికి బలమంతా అక్కడే ఉంది. మీ పాస్టరుగారు చెప్పిన సంస్థ హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ. మిల్లర్డ్ ఫుల్లర్, లిండా ఫుల్లర్ దంపతులు 1976లో జార్జియా రాష్ట్రంలోని అమెరికస్ పట్టణంలో దానిని స్థాపించారు. పేదవానికి అప్పిచ్చినప్పుడు వడ్డీ కట్టవద్దన్న నిర్గమకాండము 22వ అధ్యాయపు ఆజ్ఞను వారు అక్షరాలా తీసుకుని, లాభం లేకుండా, వడ్డీ లేకుండా ఇల్లు అప్పగించి, ఆ కుటుంబం నెలనెలా చెల్లించే వాయిదాలతో మరొకరికి ఇల్లు కట్టే ఏర్పాటు చేశారు. ఇంటివారు కూడా పనిలో చెయ్యి వెయ్యాలి. మతం మాత్రం అడగరు. కార్టర్ దంపతులు 1984 నుంచి ఈ పనిలో పాల్గొన్నారు, 2006లో మన దేశంలో లోణావాలా దగ్గరికీ వచ్చారు. భారతదేశంలో ఈ సంస్థ పని 1983లో మొదలైంది ఖమ్మంలో అన్న సంగతి మన తెలుగువారిలోనే చాలామందికి తెలియదు.

అయితే ఆ పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవడం కుదరదు. అమెరికాలో సామాన్యుల ఇల్లు ఎక్కువగా చెక్క చట్రంతో లేస్తుంది కనుక, పని రానివారు కూడా సుత్తి, మేకులు పట్టుకుని వారంలో ఎంతో పని చేయగలరు. మన ఇటుక, సిమెంటు ఇంటికి మేస్త్రి లేనిదే గోడ నిలవదు, స్లాబు వేశాక రోజుల తరబడి నీళ్ళు పట్టక తప్పదు. మీ యువజనులు ఇటుకలు మోయవచ్చు, కంకర ఎత్తవచ్చు, నీళ్ళు పట్టవచ్చు. కానీ దానివల్ల మిగిలే కూలి ఇంటి ఖర్చులో చిన్న భాగమే. (ఫొటోలు మాత్రం బాగా వస్తాయి.)

అందువల్ల కొత్త ఇల్లు మొదలుపెట్టవద్దని నా సలహా. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో మైదాన ప్రాంతపు ఇంటికి నిర్ణయించిన సాయం 1.20 లక్షల రూపాయలు. అదీ పని ఒక్కో దశ దాటాకే విడతలుగా వస్తుంది. తరువాతి దశ దాకా కట్టడానికి చేతిలో డబ్బు లేక, బిల్లు రాక, బేస్‌మట్టం దగ్గరో లింటెల్ దగ్గరో ఆగిపోయిన ఇళ్ళు మీ చుట్టుపక్కలే కనిపిస్తాయి. బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టినవారు ఇల్లు పూర్తయినా అప్పులో మునుగుతారు. అటువంటి కుటుంబానికి మీ నిధిని వడ్డీ లేని చేబదులుగా ఇచ్చి, బిల్లు రాగానే తిరిగి తీసుకుంటే, దుప్పట్లకు ఖర్చయ్యే సొమ్ముతోనే ఒకరి తరువాత ఒకరికి గోడలు లేస్తాయి. మెటీరియల్ ధర సాధారణంగా పెరుగుతూ ఉంటుంది కాబట్టి, దీర్ఘకాలపు బాకీని రూపాయల్లో కాక సిమెంటు బస్తాల లెక్కన రాసుకుంటే నిధి కరిగిపోదు. డబ్బు ఇచ్చే ముందు స్థలం పట్టా ఎవరి పేరున ఉందో చూడండి. తండ్రి పేరున ఉండి అన్నదమ్ముల మధ్య తేలని స్థలమైతే, అది తేలేదాకా ఆగండి.

ప్రశ్న: అమెరికాలోని మా ఊరివాళ్ళు ఇలాంటి నిధికి డబ్బు పంపుతామంటున్నారు. మా సంఘం తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: పంపేవారి పౌరసత్వాన్ని బట్టి ఉంటుంది. భారత పౌరులుగానే ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, తెలుగువారైనా సరే, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం ఆ డబ్బు తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్న మరో సంస్థ ఖాతాలో వేయించి అక్కడి నుంచి మీకు మళ్ళించడాన్ని 2020 సవరణ నిషేధించింది. కాబట్టి ముందు ఎవరి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగి తెలుసుకోండి.