బండి ఎక్కించకు, నడిపించు

చి. సౌ. రాధకు,

ఆశీస్సులు. నీ తరగతిలోని నాలుగైదేళ్ల పిల్లలకు అమెరికా పడమటికి వలసవెళ్లిన పయనీర్ల గురించి చెప్పాలని, అందుకు టోపీలూ గౌన్లూ కొనబోతున్నానని రాశావు. ఆ డబ్బు మిగుల్చుకో. మిస్సోరీలో ఇరవై ఏళ్లు చిన్నపిల్లల బడిలో పనిచేశాను. వేషాల సరదా పావుగంట దాటి నిలవడం నేను చూడలేదు. పిల్లల చేతులకు పని కావాలి.

ముందు నేల మీద రంగు టేపుతో నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవున బండి గియ్యి. పయనీర్లు పడమటనున్న ఆరెగాన్‌కు వెళ్లిన దారే ఆరెగాన్ బాట. ఆ బాట పట్టిన బండ్లు సుమారు అంతే ఉండేవి. అందరినీ అందులో కూర్చోబెట్టు. కేరింతలు కొడతారు. అప్పుడు పిండి బస్తాలంటూ ఒక్కో దిండూ లోపల పెట్టు. దిండు ఎక్కినప్పుడల్లా ఒకరు దిగాలి. మనిషికి 200 పౌండ్ల పిండి తీసుకెళ్లమని 1845 నాటి మార్గదర్శక పుస్తకం ఒకటి చెప్పింది మరి! చివరికి బండిలో సామానే మిగులుతుంది. ఇక అందరూ ఆవరణ చుట్టూ నడవాలి. మా బడిలో ఒక పిల్ల రెండో చుట్టులోనే "వచ్చేశామా?" అంది. అసలు బాట దాదాపు 2,000 మైళ్లు, నాలుగైదు నెలల నడక.

తర్వాత వెన్న. పాలు పడని పిల్లలెవరో తల్లులను ముందే అడుగు. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో చిక్కటి మీగడ సగానికి మించకుండా పోయి. మొదటిసారి నేను నిండా పోసి, అరగంట ఊపించి, నవ్వులపాలయ్యాను. ఊపగా ఊపగా లోపలి చప్పుడు ఆగిపోతుంది. అయిపోయిందనుకుంటారు, ఆపనివ్వకు. పాట పాడుతూ చేతులు మార్పించు. ఉన్నట్టుండి మజ్జిగ విడిపోయి వెన్నముద్ద సీసాకు దబ్బున తగులుతుంది. అప్పుడు వాళ్ల ముఖాలు చూడు. ఆ బాటలో వెళ్లినవాళ్లకు ఈ ఊపుడు కూడా తప్పింది. పొద్దున పాలు బండికి వేలాడదీస్తే, కుదుపులకే సాయంత్రానికి వెన్న పడేది.

మైదానాల్లో చెట్లు తక్కువ కనుక ఎండిన బైసన్ (అక్కడి అడవిదున్న) పేడతో వంట చేసుకున్నారు. అట్టముక్కలు గుండ్రంగా కత్తిరించి, గడ్డిలో పడేసి ఏరించు. పిడకలు ఎరిగిన మనకు ఇది వింత కాదు కానీ అక్కడి తల్లులు ముక్కు చిట్లిస్తారు.

ఒక్క విషయం మాత్రం దాటెయ్యకు. ఆ నేల ఖాళీగా లేదు. లకోటా, షొషోనీ వంటి ఆదివాసీ జాతులవారు అప్పటికే అక్కడ బతుకుతున్నారు. ఈకల టోపీలు, దాడుల ఆటలు వద్దు. బండి వెళ్లే దారిలో ముందే కొందరు పిల్లలను బొమ్మరిల్లు కట్టుకోనివ్వు. బండి అటుగా రాగానే తగవు వస్తుంది. తీర్చడానికి తొందరపడకు. "ఇక్కడ ముందు నుంచీ ఎవరున్నారు?" అని అడిగి, వాళ్లనే మాట్లాడనివ్వు.

ఆ బాటలో జరిగిన కలరా చావుల సంగతి ఈ వయసులో వద్దు.

నా చెక్క కవ్వం పోస్టులో పంపుతున్నాను. సీసాలు అయ్యాక దానితోనూ చిలికించు. పని కాగానే తిరిగి పంపు, అది మా అమ్మది.

మీ పెద్దమ్మ