చిన్న కుక్కని పిల్లలా పెంచేవాళ్ళకి ట్రైనర్ మొహం మీదే చెప్పేయాలా?

విజయనగరంలో పామేరియన్‌ని చంకనెత్తుకుని తిరిగేవాళ్ళకి ట్రైనర్ ఎంత కటువుగా చెప్పొచ్చు అని అడిగారు కదా, నా మాట ఏటంటే విషయం సూటిగా చెప్పాలి, మనిషిని తిట్టకూడదు. "మీరే పాడుచేసేసారు" అంటే కుక్కని తెచ్చినావిడ రెండో క్లాసుకి రాదు, నష్టం కుక్కకే.

ముద్దు చెయ్యడం తప్పేం కాదండి. కానీ గంటస్తంభం దగ్గర ఎవరైనా చెయ్యి చాపితే అది పళ్ళు బయటపెట్టి గుర్రుమంటుంది, మనోళ్ళేమో "అబ్బో, బుజ్జిదానికి కోపం వచ్చేసింది" అని నవ్వేసి ఎత్తుకుంటారు, అదే లాబ్రడార్ గుర్రుమంటే అందరూ వెనక్కి తగ్గుతారు. ఆ గుర్రుమనడం చాలాసార్లు భయం, దగ్గరకి రావొద్దని హెచ్చరిక, పట్టించుకోకపోతే తర్వాత కాటే. కిందే నడిపించి, కొత్తవాళ్ళని కాస్త దూరంలో ఉంచి, నెమ్మదిగా ఉన్నప్పుడు చిన్న చికెన్ ముక్క ఇమ్మనాలి.

తిండి దగ్గర మాత్రం మొహమాటమే వద్దు. పాయసంలో కిస్మిస్ కిడ్నీల్ని దెబ్బతీయొచ్చు, ఉల్లిపాయ ఎర్ర రక్తకణాల్ని పాడుచేస్తుంది, చాక్లెట్‌లో కుక్కలకి పడని థియోబ్రొమిన్ అనే పదార్థం ఉంటుంది, మూడు కిలోల ఒంటికి కొంచెమైనా ఎక్కువే. "ఇది దానికి విషమమ్మా, పెట్టకండి" అనేయాలి, ఒకవేళ తినేస్తే వాంతులయ్యేదాకా చూడకుండా వెంటనే పశువుల డాక్టర్ దగ్గరకి పట్టుకెళ్ళమనాలి.