దవడ పంటికి ఏ కంపోజిట్ ఫిల్లింగ్ మంచిది?

కనిగిరి నుంచి అడిగారు: దవడ పన్ను పుచ్చింది, డాక్టరు రెండు మూడు రకాల ధరలు చెప్పారు, ఏది పెట్టించుకోవాలి అని.

కంపోజిట్ అంటే పంటి రంగులో ఉండే రెసిన్ ఫిల్లింగ్. అందులో నమిలే పంటికి నానోహైబ్రిడ్ రకం చాలు. బలంగా ఉంటుంది, తొందరగా అరగదు. మైక్రోఫిల్‌కి మెరుపు ఎక్కువ, బలం తక్కువ. అది ముందు పళ్ళకే. జారుగా ఉండే ఫ్లోయబుల్‌ని అడుగున పల్చగా వేస్తారు, పెద్ద గుంట మొత్తం దానితో నింపకూడదు.

కంపోజిట్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది. అందుకే మామూలు రకాన్ని 2 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొరకీ నీలి లైటు పెడతారు. బల్క్‌ఫిల్ అయితే దాదాపు 4 మిల్లీమీటర్లు ఒకేసారి వేయొచ్చు.

మీ వైపు నన్నడిగితే అసలు టెన్షన్ బోరు నీళ్ళ ఫ్లోరైడ్‌దే. ఫ్లోరైడ్‌తో గార పట్టిన పళ్ళ ఎనామిల్ (పంటి గట్టి పైపొర) మీద, ఫిల్లింగ్ అతకడానికి ముందుగా పూసే ఆమ్లం సరిగా పనిచేయదు, ఫిల్లింగ్‌కి పట్టు దొరకదు. పైపొర కాస్త గీకడమో, ఆమ్లం ఇంకొంచెంసేపు ఉంచడమో అవసరం కావచ్చు. కంపెనీ పేరు తర్వాత, ముందు ఈ సంగతి అడగండి. రబ్బరు డ్యామ్ (పంటికి ఉమ్మి తగలకుండా చుట్టూ వేసే రబ్బరు తెర) వేస్తారా అని కూడా కనుక్కోండి; అతికించేటప్పుడు ఉమ్మి తగిలితే ఎంత ఖరీదైన మెటీరియల్ అయినా నిలవదు. పుచ్చు చిగురు కిందికి దిగి తడి ఆగకపోతే మాత్రం కంపోజిట్ కన్నా గ్లాస్ అయనోమర్ (తడిని కాస్త తట్టుకునే సిమెంటు రకం ఫిల్లింగ్) మేలు.