నిలువు కోతలో చెక్క సగంలో పట్టేస్తుంటే

టేకు పలకను టేబుల్ సా (బల్ల మధ్యలోంచి రంపపు బ్లేడు పైకి వచ్చే మెషీన్) మీద రెండంగుళాల బద్దలుగా నిలువునా కోస్తుంటే సగంలో పట్టేస్తోంది, అంచు మాడుతోంది, భయమేస్తోంది అని అడిగారు. భయం ఉండటం మంచిదే లెండి. కాకపోతే అందరూ బ్లేడుకే భయపడతారు. నన్ను కొట్టింది బ్లేడు కాదు, చెక్క.

గాజువాకలో మా బాబాయి షెడ్డు. ప్లైవుడ్ బల్ల కింద చేతి సర్క్యులర్ సా తిరగేసి బిగించిన సొంత తయారీ మెషీన్. వానాకాలం, సరిగ్గా ఆరని వేప పలక. సగం దాటాక కోసిన గాడి వెనకాల మూసుకుపోయింది. టక్‌మన్న చప్పుడు వినపడిందే తప్ప చెక్క కదలడం నేను చూడనేలేదు. నా తుంటికి తగిలి, వెనకున్న షట్టరుకు సొట్ట పెట్టింది. బాబాయి ఒక్క మాటే అడిగాడు: "దాని దారిలో ఎందుకు నిలబడ్డావురా?"

బ్లేడు ముందు పళ్ళు చెక్కను బల్లకేసి నొక్కుతాయి. వెనక పళ్ళు పైకి లేస్తుంటాయి. చెక్క వాటికి ఒరుసుకుందా, ఎత్తి మన మీదికే విసిరేస్తాయి. అలా ఒరుసుకోకుండా బ్లేడు వెనకే నిలబడే రేకు రైవింగ్ నైఫ్. అడ్డమనిపించినా ఊడదీయకండి. మా బల్లకు అసలు అదే లేదు.

మీ చెక్క మాడుతోందంటే ముందు, చెక్కను ఆనించి తోసే పక్క కమ్మీ, అంటే ఫెన్స్‌ను అనుమానించండి. ప్లగ్ పీకేసి, బ్లేడు మీద ఒక పంటికి గుర్తు పెట్టి, బల్ల మీద బ్లేడు పక్కగా నిలువునా ఉండే గాడికి దూరం ముందువైపు కొలవండి. బ్లేడు తిప్పి అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్ళీ కొలవండి, రెండూ సమానంగా రావాలి. తర్వాత ఫెన్స్‌కీ గాడికీ మధ్య దూరం రెండు చివర్లా చూడండి. వెనకవైపు ఫెన్స్ వెంట్రుకవాసి బ్లేడుకు దూరంగా ఉన్నా పరవాలేదు గానీ దగ్గరకు రాకూడదు. బ్లేడు కూడా చూసుకోండి: పదంగుళాలదైతే నిలువు కోతకు 24 పళ్ళది చాలు, 60 పళ్ళది మాడ్చేస్తుంది.

ఫెన్స్‌కు ఆనే అంచు తిన్నగా లేకపోతే చిత్రిక పట్టాకే కోయండి. ఫెన్స్ కుడివైపుంటే మీరు బ్లేడు గీతకు ఎడమపక్కన నిలబడండి. రెండంగుళాల బద్దకు చెయ్యి అస్సలు పనికిరాదు, తోపుడు కర్ర వాడాల్సిందే. తోయాల్సింది ఫెన్స్‌కీ బ్లేడుకీ మధ్యనున్న ముక్కను, అదీ బ్లేడు పూర్తిగా దాటేవరకు. చాలామంది చివరి రెండంగుళాల దగ్గర చెయ్యి వదిలేస్తారు, ఎగిరేది అప్పుడే. అవతల సాయం పట్టే మనిషి చెక్కను మోయాలి, లాగకూడదు. గ్లవ్స్, మెడలో తువ్వాలు వద్దు.

మధ్యలో పట్టేస్తే వెనక్కి లాక్కోకండి. చెక్కను గట్టిగా నొక్కిపట్టి మోకాలితో స్విచ్ ఆపండి, అందుకే స్విచ్ మోకాలికి అందేలా ఉండాలి. బ్లేడు ఆగాక కోసిన గాడిలో పలచటి చెక్కముక్క దూర్చి, పళ్ళకు తగలకుండా చెక్కను కాస్త వెనక్కి జరిపి, అప్పుడు మొదలుపెట్టండి.

కరెంటు పోయినా ముందు స్విచ్చే ఆపాలి. ఓసారి కోత మధ్యలో కరెంటు పోతే బాబాయి ముక్క సర్దడానికి చెయ్యి పెట్టాడు. తీసిన క్షణంలోనే కరెంటొచ్చి బ్లేడు దానంతటదే తిరిగింది. కరెంటు తిరిగొచ్చినా మనం నొక్కితే తప్ప మెషీన్ కదలని స్విచ్ ఆ సాయంత్రమే తెచ్చి బిగించాడు.