చింతపండు పెట్టి తోమకు

అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో చూశాను. 1942లో జపాన్ వాళ్లు మన విశాఖ పోర్టు మీద వేసిన బాంబు ముక్క అని చెప్పి పాత ఇనప సామాన్లవాడు నీకు రెండు వేలకి అంటగట్టాడన్నమాట. ఆ ఏడాది ఏప్రిల్ 6న ఊరి మీద బాంబులు పడిన మాట నిజమే. పేలని బాంబొకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో పెట్టారు, వెళ్లి చూడు. కానీ తుప్పు ముక్కకి నోరుండదు కదా. అది ఎవరింట్లోంచి వచ్చిందని అడిగావా? అడక్కపోతే ఇవాళే వెళ్లి అడుగు. వాడు చెప్పింది చెప్పినట్టు తారీకు వేసి రాసుకో. "నేను చూశాను" అన్నది వేరు, "మా తాత చెప్పేవాడు" అన్నది వేరు. రెండూ కలిపి రాయకు.

నా బుద్ధి తక్కువ పని ఒకటి చెబుతాను. ముప్ఫై ఏళ్ల కిందట మొదటి ప్రపంచ యుద్ధం నాటి విక్టరీ మెడల్ ఒకటి దొరికింది. నల్లగా ఉందని మీ అత్త రాగి చెంబులు తోమినట్టే చింతపండు, ముగ్గుపిండి వేసి తోమేశాను. తళతళలాడింది. ఆ మెడల్ అంచు మీద సైనికుడి నంబరు, పేరు, రెజిమెంటు కొట్టి ఉంటాయని తర్వాత తెలిసింది. భూతద్దం పెడితే రెండు అంకెలూ ఒక అక్షరమూ మిగిలాయి. ఆ పేరుంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో వెతికేవాణ్ణి. యుద్ధంలో పోయినవాడైతే ఏ రోజు పోయాడో, ఎక్కడ పాతారో దొరికేది. ఇప్పుడది బీరువాలో మెరుస్తూ పడుంది, ఎవరిదో తెలీదు.

ఖాళీ తూటా గొట్టం దొరికితే అడుగు భాగం చూడు. కె.ఎఫ్. అని ఉంటే పుణె దగ్గరి కిర్కీ తూటాల ఫ్యాక్టరీది, పక్కన సంవత్సరం కూడా ఉండొచ్చు. ఫిరంగి గుండు అని ఎవరైనా చూపిస్తే మాత్రం తొందరపడకు. రాయి పిండి చేసే బాల్ మిల్లుల్లో వేసే ఇనప గుండ్లు అచ్చం అలాగే ఉంటాయి. నేనూ ఒకటి కొన్నాను. మీ అత్త దాన్ని తలుపుకి అడ్డం పెట్టింది.

పద్మనాభం యుద్ధభూమికి వెళ్దామన్నావు. విజయనగరం రాజు ఈస్టిండియా కంపెనీతో పోరాడిన 1794 నాటి చోటు, చూడాల్సిందే. గునపం మాత్రం తేకు. భూమిలో దొరికిన నిధి సంగతి కలెక్టరుకి చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది. వందేళ్లు దాటిన పురాతన వస్తువులకి వేరే 1972 నాటి చట్టం ఉంది. బీచ్‌లో గుండులాంటిది ఏదైనా కనిపిస్తే కాలితో కూడా కదపకు, దూరం జరిగి 112కి ఫోన్ కొట్టు.

ఆదివారం ఆ ముక్క పట్టుకురా. కడక్కు, నూనె రాయకు, ఉన్నది ఉన్నట్టు కాగితంలో చుట్టి తే. షాపువాడు చెప్పింది రాసిన కాగితం కూడా.

మీ మావయ్య