గోలీలతో రోలర్ కోస్టర్: మేనకోడలికి ఒక లేఖ

తిరుపతి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చిత్తూరులో మీ బడి తొమ్మిదో తరగతి పిల్లల చేత గోలీలు దొర్లే నమూనా రోలర్ కోస్టర్లు (ఎత్తు నుంచి దూసుకొచ్చే సరదా రైలు దారులు) కట్టించాలనుకుంటున్నట్లు రాశావు. ఆలోచన మంచిదే. అయితే ఇటువంటి ప్రదర్శనల్లో నాకు ఎక్కువగా కనిపించినవి రంగు కాగితాలు అంటించిన అందమైన బొమ్మలే తప్ప, గోలీ ఎంత వేగంతో పోతుందో, అంత వేగమే ఎందుకు వచ్చిందో చెప్పగలిగిన పిల్లలు కారు. అందుకని మొదటి రోజే ఒక నియమం పెట్టు: గోలీని వదలడానికి ముందే అది ఎక్కడిదాకా పోతుందో ప్రతి జట్టూ నోటుబుక్కులో అంకెతో సహా రాసి తీరాలి.

సామాగ్రికి పెద్ద ఖర్చు లేదు. ఏసీ రాగి గొట్టాల మీద తొడిగే నల్లటి ఫోమ్ గొట్టాన్ని నిలువునా చీలిస్తే గోలీ దొర్లడానికి రెండు కాలువలు వస్తాయి. గాజు గోలీలు, కాగితపు టేపు, వెదురు బద్దలు, అట్టముక్కలు ఉంటే చాలు.

లూపు, అంటే గోలీ తలకిందులుగా తిరిగివచ్చే నిలువు చుట్టు, దాని జోలికి వెంటనే పోవద్దు. ముందు ఒక వాలు కట్టించి, దాని చివర బల్ల అంచున సమతలంగా ముగిసేలా చూడు. గోలీ నేల మీద పడే చోట తెల్ల కాగితం పరచి దానిపై కార్బన్ కాగితం వేస్తే మచ్చ పడుతుంది. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లయితే గోలీ నేలను తాకడానికి సుమారు 0.39 సెకను పడుతుంది. అది అంచుకు 80 సెంటీమీటర్ల దూరంలో పడితే దాని వేగం సెకనుకు రెండు మీటర్ల పైచిలుకు అన్నమాట. స్టాప్‌వాచీ లేకుండానే వేగం తెలిసింది. ఇప్పుడు ఎంత ఎత్తు నుంచి ఊరికే పడితే ఆ వేగం వస్తుందో లెక్క వేయమను: 21 సెంటీమీటర్లని వస్తుంది. పిల్లలు గోలీని వదిలింది బల్లకు 35 సెంటీమీటర్ల ఎత్తు నుంచి అనుకో, తక్కిన 14 సెంటీమీటర్లు ఏమైనట్లు? అందరూ ఘర్షణ అనే అంటారు. ఆ జవాబును అంత తేలికగా ఒప్పుకోవద్దు. దొర్లే గోలీ ముందుకు పోవడమే కాక తన చుట్టూ తాను తిరుగుతుంది కూడా; జారకుండా దొర్లే ఘన గోళంలో గతిశక్తిలో ఏడింట రెండు వంతులు ఆ తిరుగుడుకే పోతాయి. అంటే ముందుకు పోవడానికి చెందిన ఐదు వంతులు 21 అయితే, తిరుగుడుకు చెందిన రెండు వంతులు 8.4; పోయిన 14లో అంత అక్కడే ఖర్చయింది. ఫోమ్ నొక్కుకుపోవడానికీ, బద్దలు ఊగడానికీ, గాలికీ పోయింది మిగిలిన 5.6 మాత్రమే. ఈ ఒక్క లెక్క మీద రెండు పీరియడ్లు గడిచినా నష్టం లేదు.

ఆ తర్వాతే లూపు. ఘర్షణ లేకుండా జారే వస్తువు గుండ్రని లూపు దాటాలంటే, లూపు అడుగు నుంచి వ్యాసార్ధానికి రెండున్నర రెట్లు ఎత్తున బయలుదేరాలి. దొర్లే గోలీకి 2.7 రెట్లు కావాలి. మీ ఫోమ్ దారిలో అదీ చాలదు. ఎంత అదనంగా కావాలో చెప్పేయకు. జట్లే కొలిచి, బద్దలకు అడ్డుకట్టలు వేసి బిగిస్తే ఆ అదనం ఎంత తగ్గుతుందో చూడనీ. ఇంజనీరింగు మొదలయ్యేది ఇక్కడే. ప్రతి జట్టుకూ ఒకే పొడవు ఫోమ్, ఒకే టేపు చుట్ట ఇచ్చి, ఇంకొకటి అడిగితే లేదని చెప్పు.

నిజమైన కోస్టర్లలో లూపు గుండ్రంగా ఎందుకు ఉండదని ఎవరో ఒకరు అడుగుతారు. గుండ్రని లూపు పైకొసను అంతంత మాత్రంగా దాటే వేగంతో వచ్చినా, అడుగున మనిషి మీద అతని బరువుకు ఆరు రెట్ల ఒత్తిడి పడుతుంది. 1895లో అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో కట్టిన ఫ్లిప్ ఫ్లాప్ రైల్వేలో లూపు గుండ్రంగానే ఉండేది, ఎక్కినవారి మెడలకు అది శిక్షే అయింది. 1976లో కాలిఫోర్నియాలో మొదలైన రివల్యూషన్ అనే కోస్టర్‌కు ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ కన్నీటిబొట్టు ఆకారంలో లూపు గీశాడు. అడుగున వంపు విశాలం, పైన ఇరుకు. పిల్లల చేత రెండు ఆకారాలూ వంచించి పోల్చి చూపించు.

తిరుమల ఘాట్ రోడ్డు వాళ్లందరికీ తెలిసిందే కనుక ఒక ప్రశ్న ఇంటికి ఇచ్చి పంపు: కోస్టర్ దిగుతూ వేగం పుంజుకుంటుంది, కొండ దిగే బస్సు మాత్రం అదే నిదానంతో వస్తుంది, ఆ ఎత్తులోని శక్తి ఎటు పోయింది, డ్రైవరు బ్రేకు మీదే ఆధారపడకుండా చిన్న గేరులో ఎందుకు దింపుతాడు? వీలైతే వాళ్లను అలిపిరి దగ్గరి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రానికి తీసుకురా, నేనూ వస్తాను.

మార్కుల సంగతి. లూపు దాటిందా లేదా అన్నదానికి తక్కువ వేసి, ముందు రాసిన అంకెకూ వచ్చిన అంకెకూ మధ్య తేడాకు కారణం వెతికినవారికి ఎక్కువ వెయ్యి. అంకెను తర్వాత దిద్దకుండా పెన్సిలు కాక పెన్నుతోనే రాయించు. ఫోమ్ చీల్చడానికి బ్లేడు కావాలి. ఆ పని నువ్వే ముందురోజు చేసిపెట్టుకో.

మామయ్య